రెండు కిలోల లోపు

ఉదయం ఏడున్నర. నాలుగో అంతస్తులో ఒక ఇరుకు ఫ్లాటు, అందులో మరీ ఇరుకైన స్నానాలగది. లిఫ్టులు బాగుచేసే నాన్న, పోస్టాఫీసులో పార్శిళ్ళు తూచే అమ్మ, వాళ్ళ ఐదున్నరేళ్ళ కూతురు, ముగ్గురూ అందులోనే ఉన్నారు. కూతుర్ని అందరూ పిడుగు అంటారు, ఊరికే అనరు. అమ్మకు ఎడమ రొమ్ము తీసేసి రెండున్నర నెలలైంది, మూడో విడత కీమో మొన్ననే అయింది. మిగతాది వాళ్ళ నోటే వినాలి.

"అయ్యో, ముందు ఆ కత్తెర లాక్కోండి దాని చేతిలోంచి!"

"లాక్కున్నాను, లాక్కున్నాను. ఇదిగో, నా దగ్గరే ఉంది. నువ్వు కాస్త కూర్చో, పడిపోయేట్టున్నావ్."

"కూర్చునే ఉన్నానండీ. ఏమే పిడుగూ, ఏం చేశావే ఇది?"

"కత్తిరించుకున్నా."

"అది కనిపిస్తూనే ఉంది. ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా ఇంత జుట్టు పీకి పారేసుకుంటారా? చూడండి, ఈ పక్క చెవి దాకా ఉంది, ఆ పక్క అసలు లేనే లేదు. నిన్న సాయంత్రమేగా మీరు రెండు జడలు వేశారు!"

"పీకలేదమ్మా, కత్తిరించా. పీకితే నొప్పి."

"మళ్ళీ మాటకి మాట!"

"నాన్నా, నా జుట్టు పారేయకు. పేపర్లో పెట్టు. ఎంతుందో చూడాలి."

"చాలా ఉందమ్మా. దండిగా ఉంది. ఏమోయ్... నాకర్థమైంది."

"ఏమర్థమైంది?"

"ఎందుకు కత్తిరించుకుందో. నీకింకా తట్టలేదా? ఒకసారి నీ తల తడుముకో."

"నా తలకేం..."

"ఆ మందులకి నీ జుట్టంతా రాలిపోయిందా? అది చూసింది. చూసి తట్టుకోలేక, అమ్మకి లేనిది నాకు మాత్రం ఎందుకని, తనూ... అబ్బ, నావల్ల కావట్లేదు."

"నిజంగా అంతేనంటారా?"

"మరింకేంటి? ఐదున్నరేళ్ళ పిల్లకి ఇంత మనసా? ఇది మనకి పుట్టాల్సిన పిల్ల కాదే."

"మనకే పుట్టింది. పద్దెనిమిది గంటలు పట్టింది, నాకు బాగా గుర్తుంది."

"అమ్మా, నువ్వెందుకు ఏడుస్తున్నావ్?"

"ఏడవట్లేదు తల్లీ."

"నాన్న కూడా ఏడుస్తున్నాడు."

"నేనా? నేనేం ఏడుస్తాను. కంట్లో వెంట్రుక పడింది. నీదే."

"అయితే తీసి పేపర్లో పెట్టు. అది కూడా కలపాలి."

"చూశావా? ఒక్క వెంట్రుక కూడా పోనివ్వట్లేదు. ఇదంతా కలిపి నీకు విగ్గు చేయించాలని దాని ఉద్దేశం. నోట్లో వేలు పెడితే కొరకలేదు అనుకుంటాం గానీ ఎంత ఆలోచనో చూడు!"

"విగ్గు అంటే ఏంటి నాన్నా?"

"ఏం లేదమ్మా. నువ్వు చేసిందే."

"ఇలా రా బంగారూ. అమ్మ దగ్గరికి రా. ఉండు, ఆ బకెట్ మీంచి నేనే దించుతాను..."

"ఏయ్ ఏయ్ ఏయ్! చేతులు! చేతులు కిందికి! డాక్టరేం చెప్పాడు? రెండు కిలోలు మించి ఎత్తకూడదన్నాడా లేదా? చెయ్యి వాచిందంటే ఇక ఓ పట్టాన దిగదన్నాడా లేదా?"

"అది ఎడం చేతి సంగతి. కుడి చేత్తో దించుతాను."

"ఒక్క వైపే లాగితే ఇంకా ప్రమాదం. బరువు రెండు పక్కలా సమంగా పడాలి. పదమూడేళ్ళుగా లిఫ్టులు చూస్తున్నవాణ్ణి, నాకు చెప్పకు."

"నేను లిఫ్టు కాదండీ."

"అందుకే ఇంకా జాగ్రత్త. లిఫ్టుకైతే విడిభాగాలు దొరుకుతాయి."

"మీతో మాట్లాడలేను బాబూ."

"కుర్చీ వెనక పలక బిగించింది ఎందుకనుకున్నావ్? అందం కోసమా?"

"ఆ పలక సంగతి ఎత్తకండి. ఇంటికొచ్చినవాళ్ళంతా చదివి నవ్వుకుని పోతున్నారు. నా కుర్చీకి లిఫ్టులో ఉన్నట్టు స్టీలు పలక! 'మనుషులు: సున్నా. బరువు: రెండు కిలోలు.' మా అక్కయ్య ఫోటో కూడా తీసుకుంది."

"నవ్వుకోనీ. అప్పట్నుంచీ నీ మీద పడి ఏడ్చేవాళ్ళు తగ్గారా లేదా? మీ అక్కయ్య కూడా దూరంగా సోఫాలో కూర్చుని ఏడ్చి వెళ్ళింది. పిడుగు చూడు, ఎంత బుద్ధిగా ఉంటోందో. ఒక్కసారైనా వచ్చి మీద పడిందా?"

"పడలేదు. అదేగా నా బాధ."

"బాధేంటి?"

"రెండున్నర నెలలైందండీ, నా ఒళ్ళోకి రాక. తలుపు దగ్గరే నిలబడి చూసి వెళ్ళిపోతోంది. నా గుండు చూసి జడుసుకుంటోందేమోనని పడుకున్నా కూడా స్కార్ఫు తీయట్లేదు నేను. ఈ ఉక్కలో."

"పిచ్చిదానా! జడుసుకునే పిల్ల తన జుట్టు కత్తిరించుకుంటుందా? ఇప్పటికైనా తెలిసిందా?"

"తెలిసినట్టే ఉంది. ఏమో. ఇలా రావే పిడుగూ, అక్కడే నిలబడ్డావేం?"

"ఉండమ్మా. నేను కాటా ఎక్కాలి."

"కాటా ఎందుకే? అది ఆస్పత్రివాళ్ళు అమ్మని చూసుకోమన్నది."

"నేను కూడా చూసుకుంటా. జరుగు నాన్నా. నీ కాలు తీయ్."

"ఎంతొచ్చిందమ్మా?"

"పదహారు. ఇంకా పదహారే. ఛీ."

"ఛీ ఏంటే? మంచి బరువే. ఏమోయ్, ఒకసారి ఇటు తిరుగు, ఇద్దర్నీ ఒక ఫోటో తీస్తాను."

"ఇప్పుడు ఫోటో ఏంటండీ, స్నానాలగదిలో!"

"బిల్డింగు గ్రూపులో పెడతాను. నలుగురికీ తెలియాలి ఇలాంటి పిల్లలు కూడా ఉంటారని."

అరగంట తర్వాత, భోజనాల బల్ల దగ్గర. పిల్ల ముందు ఉడికిన గుడ్డూ పాలూ, అమ్మ ముందు జావ గిన్నె ఉన్నాయి. నాన్న తల ఇప్పుడు సగమే ఉంది.

"నూట నాలుగు మంది చూశారు. నలభై మూడు గుండెబొమ్మలు పెట్టారు. మూడో అంతస్తు ఆవిడ ఏడుస్తున్న బొమ్మలే ఇరవై పెట్టింది."

"ఆవిడ నీళ్ళు రాకపోయినా అవే పెడుతుంది. మీ తల సంగతి చెప్పండి ముందు."

"నా తలకేం?"

"సగం నున్నగా, సగం తుప్పలాగా ఉంది. అద్దంలో చూసుకున్నారా?"

"పిల్ల అంత పని చేస్తే తండ్రిని, నేను చూస్తూ కూర్చోనా? గీసుకుందామని మొదలెట్టాను. మధ్యలో మిషన్‌కి చార్జింగ్ అయిపోయింది. పెట్టాను, కాసేపట్లో ఎక్కుతుంది."

"తొమ్మిదింటికి డ్యూటీకి వెళ్ళాలన్నారుగా?"

"హెల్మెట్ ఉందిగా."

"ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే, మీరు వెళ్ళి తలుపు తెరవగానే, మిమ్మల్ని చూసి మళ్ళీ మూసేసుకుంటారు."

"నవ్వావు! ఏమోయ్, నవ్వావు నువ్వు! ఎన్నాళ్ళైంది!"

"నవ్వకేం చేస్తాను మరి. ఇంకా ఏమంటున్నారు గ్రూపులో?"

"రెండో అంతస్తు డ్రిల్లు మాస్టారు, 'నేను కూడా ఈ చిన్నారి బాటలోనే' అని పెట్టారు. గుండు చేయించుకుంటారట."

"ఆయనకి ఉన్నవే నాలుగు వెంట్రుకలు."

"ఆ నాలుగూ ఇస్తున్నారుగా, అది చూడు. సెక్రటరీగారేమో, 'ఆదివారం మీటింగులో పాపకు చిన్న సన్మానం. అదే రోజు ట్యాంకు కడుగుతారు, నీళ్ళు పట్టి ఉంచుకోగలరు.'"

"నాన్నా."

"చెప్పు నా బంగారుకొండ."

"నువ్వెంత గీసుకున్నా లాభం లేదు నాన్నా. నీది చాలా ఎక్కువ."

"జుట్టా? ఎక్కువేమీ లేదమ్మా, పది నిమిషాల్లో అయిపోతుంది."

"జుట్టుకి ఏం రాదు. నేను చూశాగా."

"ఏం రాదు? ఏమంటోందండీ ఇది?"

"చిన్నపిల్ల, ఏదో అంటుంది. గుడ్డు తిను తల్లీ. పాలు తాగు. నీకోసం ఇవాళ రెండు గుడ్లు."

"వద్దు. కడుపు నిండిపోయింది."

"ఏం తిన్నావని నిండింది? పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా తాగలేదు నువ్వు."

"నీళ్ళు తాగకూడదు. నీళ్ళు ఎక్కువుంటాయి."

"ఎక్కువ ఉండటమేంటే? ఏవండీ, నాకేదో తేడాగా ఉంది. ఒక ముక్క తిను పిడుగూ. అమ్మ కోసం. ఆఁ అను."

"నువ్వు తిన్నావా?"

"నేను... నేనిందాకే తిన్నాను."

"గిన్నె నిండుగా ఉందిగా."

"వేడిగా ఉంది, చల్లారనీ అని పెట్టాను. నా సంగతి తర్వాత, ముందు నువ్వు నోరు తెరు."

"ఇందాకే తిన్నానన్నావ్."

"చూశారా, నన్నే నిలదీస్తోంది!"

"ఇద్దరూ ఇద్దరే. ఆగు, నీ ఫోను మోగుతోంది. స్కూలు నుంచి. క్లాసు టీచరు. స్పీకర్ నొక్కుతున్నా, నువ్వు చెయ్యి ఎత్తకు."

"ఫోను రెండు కిలోలుండదండీ! హలో, చెప్పండి టీచర్‌గారూ."

"నమస్కారం అమ్మగారూ. ఒంట్లో ఎలా ఉంది మీకు? మీ బిల్డింగు గ్రూపులోంచి ఎవరో పంపితే ఫోటో చూశాను. మా స్టాఫ్‌రూమ్‌లో అందరం ఏడ్చాం. డ్రాయింగ్ మాస్టారైతే బయటికి వెళ్ళిపోయారు."

"మీ అభిమానం టీచర్‌గారూ. ఇవాళ స్కూలుకి కొంచెం ఆలస్యంగా పంపిస్తాను. ముందు దాని తల ఒక పద్ధతికి తేవాలి."

"పర్లేదండీ. నేను చేసింది వేరే సంగతికి. మీకున్న కష్టంలో చెప్పాలా వద్దా అని వారంనుంచీ ఆగాను. పాప డబ్బా తినట్లేదు."

"తినట్లేదా? రోజూ ఖాళీ డబ్బానేగా తెస్తోంది!"

"ఖాళీయేనండీ. పక్క పిల్లాడికి పెట్టేస్తోంది. పది రోజులైంది. వాళ్ళమ్మ నిన్న వచ్చి గొడవ. మావాడికి చొక్కా గుండీలు పట్టట్లేదు, ఇంట్లో అన్నం ముట్టట్లేదు, అసలు మీరేం పెడుతున్నారని నన్ను నిలదీసింది."

"పది రోజులా?"

"బూట్లు కూడా క్లాసు బయటే విప్పేస్తోంది. వేసుకోవే అంటే, అవి కలపకూడదు టీచర్ అంటుంది. నిన్న ఆటల పీరియడ్‌లో గోడ దగ్గర కూర్చుని ఉమ్ముతోందండీ. ఒకటే ఉమ్మడం. ఏంటే అది అని కోప్పడితే, ఇంకా బయటికి తీయాలి టీచర్ అంది. మీ జబ్బు చూసి పిల్ల బెంగపెట్టుకుందేమోనని..."

"మళ్ళీ చేస్తాను టీచర్‌గారూ. మళ్ళీ చేస్తాను."

"కట్ చేశాను. ఏమోయ్, కంగారుపడకు. కంగారుపడకు."

"కంగారుపడకేంటండీ! పది రోజుల్నుంచి పిల్ల తిండి మానేస్తే తెలుసుకోలేకపోయాను. పక్కనే ఉండి! పదిహేడుండేది, ఇందాక పదహారని మన కళ్ళముందే చెప్పింది. మీరేమో ఫోటోలు తీస్తూ కూర్చున్నారు!"

"నేను... నేననుకున్నాను..."

"నాకొచ్చింది చాలదా? నాకు ఏమైనా కానీ, దాని జోలికి మాత్రం రాకూడదని కదా నేను ఈ సూదులన్నీ పొడిపించుకుంటున్నది. ఇలా రావే. నా మొహం చూసి చెప్పు. ఎందుకు తినట్లేదు?"

"ఊరికే."

"ఊరికే అంటే ఒప్పుకోను. కడుపులో నొప్పా?"

"కాదు."

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"కాదు."

"అమ్మని చూస్తే భయమేస్తోందా? నిజం చెప్పు. నేనేమీ అనుకోను."

"కాదు. అమ్మా, నువ్వే చెప్పు. ఇంకా ఎంత తీయాలి?"

"దేంట్లోంచి?"

"నాలోంచి."

"నీలోంచి తీయడమేంటి తల్లీ?"

"నీకు తెలుసుగా. నీ కౌంటర్లో నువ్వేగా చెప్తావ్."

"ఏం చెప్తాను?"

"అప్పుడు నేను నీ ఆఫీసుకి వచ్చినప్పుడు, మీసాల తాత పెద్ద పార్శిల్ తెచ్చాడే. నువ్వు కాటా మీద పెట్టి, ఎక్కువుందండీ, ఇంత తీసుకోను, ఏదైనా తీసేసి తెండి అన్నావు. తాత తాడు విప్పి చెప్పులు తీశాడు. మళ్ళీ పెట్టాడు. ఇంకా ఎక్కువే అన్నావు. దుప్పటి తీశాడు. అప్పుడు తీసుకున్నావు. ముద్దర కూడా కొట్టావు."

"అవును. కొట్టాను. అయితే?"

"నాన్న లిఫ్టూ అంతే. ఎక్కువమంది ఎక్కితే గంట కొడుతుంది. ఒకాయన దిగిపోతే, అప్పుడు పైకి తీసుకెళ్తుంది."

"అయితే ఏంటమ్మా?"

"నువ్వు రెండు కిలోలే తీసుకుంటావని నీ కుర్చీకి రాసుందిగా. నేను పదిహేడు. అందుకని తీసేస్తున్నా. డబ్బా తినకపోతే ఒకటి తగ్గింది. జుట్టు తీస్తే చాలా పోతుందనుకున్నా, ఏం పోలేదు. ఒక పన్ను కదులుతోంది, అది పోతుంది. ఇంకా పద్నాలుగు తీస్తే నన్ను ఎత్తుకుంటావు."

"నాన్నా, అమ్మ చేతుల్తో మొహం కప్పేసుకుంది."

"ఉండమ్మా. కాసేపుండు."

"ఏవండీ, మీరైనా ఏదైనా అనండి దానితో."

"నావల్ల కాదు. ఆ పలక చేసింది నేను. ఈ చేతుల్తోనే చెక్కాను. అందరూ వచ్చి నీ మెడ పట్టుకుని ఏడుస్తుంటే కుట్లు ఎక్కడ తెగుతాయోనని చచ్చేంత భయమేసింది. భయమేస్తే నాకు పలక బిగించడం తప్ప ఇంకేం వచ్చు? మనుషులు సున్నా అన్నది మీ అక్కయ్య కోసం రాశాను. పిల్ల చదువుతుందని కల గన్నానా?"

"నాకు సున్నా వచ్చు నాన్నా. ఎప్పుడో వచ్చు."

"వచ్చమ్మా. నీకన్నీ వచ్చు. నాకే ఏమీ రాదు."

"పిడుగూ, ఇటు చూడు. అంటే నువ్వు నా గుండు చూసి జడుసుకోలేదా?"

"గుండుకేమైంది?"

"జుట్టు లేదుగా."

"నున్నగా ఉంది. నువ్వు స్నానం చేసొచ్చినప్పుడు చూశా. నాకు ముట్టుకోవాలని ఉంది. కానీ మనుషులు సున్నా అని రాశారుగా, అందుకే తలుపు దగ్గరే ఆగిపోయేదాన్ని."

"నీ దుంప తెగ! ఒక్క మాట అడగచ్చు కదే! రెండున్నర నెలలు! నేనక్కడ దిండు కరుచుకుని... ఏవండీ, ముందు ఆ పలక ఊడబీకండి. ఇప్పుడే. ఈ క్షణమే."

"ఊడదు."

"ఊడకపోవడమేంటి?"

"పిల్లలు ఆకతాయితనంగా విప్పేయకుండా లిఫ్టుల్లో వేసే స్క్రూలు వేశాను. వాటి పానా ఆఫీసులో ఉంది. తెరిచేసరికి తొమ్మిదవుతుంది."

"నా కుర్చీకా వేశారు ఆ స్క్రూలు!"

"పని అన్నాక పనిలా చేయాలి కదా."

"మిమ్మల్ని ఏమనాలో కూడా తెలియట్లేదు నాకు. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. అయితే పలక ఉండనీండి. ఇది నా ఒళ్ళోకి రావాలి. అంతే. మీరు లిఫ్టు మెకానిక్కే కదా, దానికి అర్థమయ్యేట్టు చెప్పండి."

"సరే. పిడుగూ, విను. లిఫ్టు బరువుని ఏం చేస్తుంది?"

"పైకెత్తుతుంది."

"ఆఁ. పైకెత్తితేనే దానికి కష్టం. అమ్మ నిన్ను పైకెత్తకూడదు, అంతవరకు నిజం. ఇప్పుడు అమ్మ కుర్చీలో కూర్చుంది. నువ్వు నీ కాళ్ళతో నువ్వే ఎక్కి అమ్మ ఒళ్ళో కూర్చున్నావనుకో. నీ బరువు ఎవరి మీద పడుతుంది?"

"అమ్మ మీద."

"కాదు. అమ్మ ఒళ్ళో నుంచి కుర్చీ మీద. కుర్చీ నుంచి నేల మీద. నేల నుంచి మూడో అంతస్తు ఆవిడ మీద."

"ఆవిడకి ఏం కాదా?"

"ఆవిడ గట్టిది. తట్టుకుంటుంది."

"మరి మనుషులు సున్నా?"

"అది కొత్త మనుషులకి. నువ్వు కొత్త మనిషివి కాదుగా. అమ్మలోంచి వచ్చినదానివే. లిఫ్టుతో పాటు కంపెనీ నుంచే వచ్చిన సామానుకి బరువు కట్టరు."

"నిజంగానా అమ్మా?"

"నిజంగా. మా పోస్టాఫీసులో కూడా అంతే."

"మరి గంట కొడితే?"

"కొట్టదు. రావే తల్లీ, నన్ను చంపుకు తినక."

"కుడివైపు నుంచి. నెమ్మదిగా. ఆ మోకాలు అక్కడ కాదు, ఇక్కడ. ఎడంవైపు ఆనుకోకు. ఆ... ఆ... కూర్చో. అయిపోయింది."

"కొట్టలేదు."

"ఏంటి?"

"గంట కొట్టలేదు నాన్నా!"

"కొట్టలేదమ్మా. పరీక్ష పాసైంది."

"అమ్మా, స్కార్ఫు తీయనా?"

"తీయ్."

"అబ్బ! నున్నగా ఉంది. ఇక్కడ చిన్న చిన్నవి వస్తున్నాయి. గుచ్చుకుంటున్నాయి."

"వస్తున్నాయా? ఎక్కడ?"

"ఇక్కడ. మూడు. కాదు, నాలుగు. డ్రిల్లు మాస్టారికున్నన్ని."

"ఏవండీ, ఫోటో తీస్తే మాత్రం ఊరుకోను."

"తీయట్లేదు. నాకసలు ఏమీ కనిపించట్లేదు."

"కంట్లో మళ్ళీ నా వెంట్రుకేనా నాన్నా?"

"అవునమ్మా. నీదే."

"ఇప్పుడు నోరు తెరు. గుడ్డు. ఆఁ. నమిలి మింగు. ఇంకో ముక్క. నువ్వు ఎంత పెరిగితే నాకంత సంతోషం. ఎన్ని కిలోలైనా సరే, ఏనుగంత అవ్వు. నేను మాత్రం ఇలాగే కూర్చోబెట్టుకుంటాను."

"మూడో అంతస్తు ఆవిడ?"

"ఆవిడ చావు ఆవిడ చస్తుంది. తిను."

"పాలు కూడా ఇవ్వు."

"ఇదిగో. మెల్లగా, పొలమారుతుంది. పది రోజుల ఆకలి, దేవుడా! ఏవండీ, ఇంకో గుడ్డు ఉడకేయండి."

"రెండు వేస్తాను. ఒకటి దానికి, ఒకటి నీకు. ఆ జావ చల్లారి రాయైపోయింది, పారేసి వేడిది కలుపుతాను."

"నాకొద్దు లెండి. తర్వాత తింటాను."

"నిన్న కూడా తర్వాతే అన్నావు."

"నోరంతా పుండండీ. ఏం పెట్టుకున్నా ఇనుము నమిలినట్టుంది. మింగబోతే లోపల్నుంచి తోసుకొస్తోంది. అన్నీ తెలిసి మీరు కూడా..."

"తెలుసు. కానీ మొన్న ఏం చెప్పారు? ఇంకా బరువు తగ్గితే నాలుగో విడత ఎక్కించం, ఆపేస్తామన్నారా లేదా? ఆపేస్తే ఏమవుతుందో కూడా..."

"పిల్ల ముందు వద్దు."

"రెండు చెంచాలు. రెండే రెండు."

"తర్వాతన్నానా! నా తిండి గొడవ మీకెందుకు, దానికి కడుపు నిండితే నాకు నిండినట్టే. ఏమే పిడుగూ, నిండిందా?"

"సగం నిండింది. అమ్మా."

"ఊఁ."

"నీది కూడా నేను చూశా. కాటాలో. నువ్వు ఎక్కినప్పుడు తలుపు సందులోంచి."

"ఏం చూశావు?"

"యాభై ఆరుండేది. తర్వాత యాభై రెండు. నిన్న నలభై ఏడు."

"అంకెలన్నీ వచ్చేశాయే నీకు!"

"నేను ఒకటి తీయడానికి పది రోజులు పట్టింది. నువ్వు తొమ్మిది తీసేశావు. ఎలా తీస్తున్నావో అడిగి నేర్చుకుందామనుకున్నా."

"నేర్చుకోవాల్సినవి వేరే బోలెడున్నాయి లేవే."

"అది కాదమ్మా. ఒక మాట అడగనా?"

"అడుగు తల్లీ."

"నేనైతే, నువ్వు ఎత్తుకోవాలని తినడం మానేశా. మరి నువ్వు? నిన్నెవరు ఎత్తుకుపోవాలని?"